రంగు పట్టని కండ

వీరభద్ర పడుకునే గదిలో బండలన్నీ లేపేశారు.

రమణి కోడుమూరులో బస్సు దిగి, ఎండకు కొంగు తలమీద కప్పుకుని ఇంటికొచ్చేసరికి నడవంతా మన్ను. నిన్నమొన్నటిదాకా అద్దంలా తుడిచి పెట్టుకున్న నాపబండలు గోడకు ఆనించి నిలబెట్టి ఉన్నాయి. గది మధ్యలో తొడలోతు గుంత. అందులో పుల్లన్న అనే కూలిమనిషి గడ్డపారతో పొడుస్తుంటే, పక్కన లుంగీ ఎగ్గట్టి పారతో మన్ను పైకి విసురుతున్నవాడు గోపీనాథ్. రమణి మేనమామ కొడుకు, ఆమె చెల్లెలు శివానికి కాబోయే మొగుడు.

ఈ ఘనకార్యం చేయిస్తున్నది ఎవరని అడగాల్సిన పనే లేదు. ఓబులేసు మామ గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని, పెళ్ళిపందిరి వేయిస్తున్నవాడిలాగా దర్జాగా కూర్చున్నాడు.

"ఇదేంది మామా?"

"కనపడ్లేదా? ఈ ఇంట్లో ఏముండాదో బైటికి తీస్తాండాం. పొద్దున్నించి తవ్వుతాండారు, ఏమీ దొరకల్యా."

"దొరకలేదంటే ఏమీ లేదని గదా?"

"లేదని కాదమ్మా. ఇంగా లోతుకుండాదని."

ఓబులేసు మామకు ఒక గుణం ఉంది. తన నోట్లోంచి వచ్చిన మాట తన చెవికే వేదం. నందికొట్కూరులో విత్తనాల అంగడి పెట్టుకుని పదిమందికి సలహాలు చెప్పే మనిషి. తనకెవరైనా సలహా చెబితే మాత్రం ఆ పూట అన్నం సహించదు.

రమణి గదిలోకి తొంగి చూసింది. బయట ఎండకు కాకులు కూడా నోళ్ళు తెరుచుకుని కూర్చున్నాయి. గుంతలోంచి మాత్రం చల్లటి గాలి కాళ్ళకు తగులుతోంది. పాతనీళ్ళ వాసన. ఈ వీధిలో ఎంత లోతుకు బోరు వేసినా దుమ్మే తప్ప చుక్క పడని కాలం ఇది. మరి ఈ చల్లదనం ఎక్కడినుంచి వస్తోందో.

గది గుమ్మానికి ఎదురుగా వసారాలో మంచం మీద పడుకున్న వీరభద్ర చెల్లెల్ని చూసి నవ్వాడు.

"రా రమణీ. నా గదిలో బావి తవ్విస్తాండాడు మామ. నీళ్ళు పడితే ఊరికంతా అమ్ముకుందాం."

అన్న నవ్వితే రమణికి ఏడుపొస్తుంది. ఒకప్పుడు కాలేజీ పరుగుపందాల్లో ఇతన్ని పట్టుకున్నవాడు లేడు. ఇప్పుడు మంచం మీంచి లేవాలంటే ఒకరు చంకల కింద చేతులు పెట్టి ఎత్తాలి. ఇరవై రెండేళ్ళప్పుడు మెట్లెక్కడానికి కష్టమైంది, ఆ తర్వాత కింద కూర్చుంటే లేవడం పోయింది, ఇప్పుడు నిలబడటమే పోయింది.

వంటింట్లోంచి గిన్నె విసిరేసిన చప్పుడు వచ్చింది. దాని వెనకే సోమక్క వచ్చింది. రమణి తల్లి, ఓబులేసుకు అక్క. పొద్దున్నించి తమ్ముడితో మాట్లాడకుండా గిన్నెలతోనే మాట్లాడుతున్నట్టుంది.

"చూసినావా రమణీ మీ మామ చేసిన పని? మీ నాయన ఒక్కొక్క బండ బేతంచెర్ల పోయి ఏరుకోనొచ్చి పరిపిచ్చినాడు. ఆయన పోయినాక ఈయప్ప వచ్చి పెళ్ళగిస్తాండాడు."

"బావను నేనేమన్నా అంటినాక్కా? ఇంటిని అంటాండా."

"ఇంటిని అంటే ఆయన్ని అన్నట్టు కాదా?"

"నువ్వే చెప్పు. ఈ ఇంట్లో పండుకున్నాకే గదా వీరభద్ర కాళ్ళు పోయింది? మా గోపీని చూడు. అదే పోలిక, అదే నెత్తురు. వేరే ఇంట్లో పెరిగినాడు కాబట్టి ఎద్దు మాదిరి ఉండాడు. కబడ్డీలో వాన్ని పట్టుకుంటే నలుగురు కిందపడతారు. తేడా యాడుండాది? ఇంట్లో ఉండాది!"

"ఉంటే ఉండనీ. నీ కొడుక్కు నా బిడ్డనిస్తే నీకు భయం గదా, ఆ మాట చెప్పు. తాంబూలాలు పుచ్చుకున్నాక ఇప్పుడు బండలు యాంటికి లేపల్ల?"

ఓబులేసు పుల్లన్న వైపు తిరిగి కానీయమన్నట్టు చెయ్యి ఊపాడు. గడ్డపార దెబ్బలు ఎక్కువయ్యాయి. గుంతలో ఉన్న గోపీ తల పైకెత్తకుండా మన్ను ఎత్తి పోస్తున్నాడు.

ఈ జగడం ఇవాళ్టిది కాదు. రమణి చేసిన పరీక్ష పుట్టింది కూడా దీంట్లోంచే.

ఆమె కర్నూలులో వైద్య కళాశాలలో పాథాలజీ చదువుతోంది. కండలోని ప్రతి కణానికీ ఒక పొర ఉంటుంది. మనిషి నడిచినా, బరువెత్తినా ఆ పొర అక్కడక్కడా చిరుగుతుంది. ఆ చిరుగుకు అతుకు వేసే డిస్ఫెర్లిన్ అనే ప్రోటీన్ పొరను అంటిపెట్టుకుని ఉంటుంది. అది ఉందో లేదో ఊరికే చూస్తే తెలియదు. కుందేలు ఒంట్లో పుట్టించిన యాంటీబాడీ ఒకటి చిన్న సీసాలో వస్తుంది. పలచగా కోసిన కండ మీద దాన్ని వేస్తే, ఆ ప్రోటీన్ ఎక్కడుంటే అక్కడికి పోయి పట్టుకుంటుంది. దానిమీద రంగు వేస్తే ప్రతి కణం చుట్టూ గోధుమరంగు గీత తేలుతుంది. ప్రోటీన్ లేకపోతే ఏ గీతా తేలదు.

వీరభద్ర తొడలోంచి చిన్న ముక్క తీయించాలని ఆమె అన్నప్పుడు ఓబులేసు మామే అడ్డం పడ్డాడు. "ఉత్త వీనిది చూస్తే ఏం తెలుస్తాది? మంచోని కండ పక్కన పెట్టి చూడల్ల. మావోనిది తీసుకో. తేడా లేకపోతే దోషం ఇంటిది. ఉంటే నెత్తురుది. ఆ మాట మీద ఉంటా."

పక్కన ఒక మంచి కండ పెట్టుకోవడం ల్యాబు పద్ధతి కూడా. ఆ మంచి కండ మామూలుగా ఎవరో సంబంధం లేని మనిషిది తీసుకుంటారు. "పరాయోళ్ళది మనకెట్ల సరిపోతాది?" అన్నాడు మామ. రమణికీ అనుమానం రాలేదు. ఆమె ఎరిగినవాళ్ళలో గోపీకంటే గట్టి మనిషి ఎవరున్నారు? గోపీ కాగితం మీద సంతకం పెట్టి, నవ్వుకుంటూ పక్క బల్ల ఎక్కాడు. "బావకు తోడు నేనుంటా. కోసేయ్ వదినా." ఇద్దరికీ కుడితొడలోంచే తీశారు.

నిన్న ఆ కండలు పరిచిన గాజు పలకలు తయారయ్యాయి. వీరభద్రది చూసింది. నీలి చుక్కలు తప్ప గీత లేదు. అది ఆమె అనుకున్నదే. గోపీది పెట్టింది. దాంట్లోనూ గీత లేదు.

ముందు నవ్వొచ్చింది ఆమెకు. పేర్లు తారుమారు చేశానేమో, అన్నదే రెండుసార్లు కోశానేమో అనుకుంది. ఈ పొద్దున మళ్ళీ మొదటినుంచీ తన చేత్తోనే చేసింది. ఈసారి మూడోది కూడా పెట్టింది, లారీ ప్రమాదంలో కాలు తీసేసిన ఎవరో మనిషిది. ఆ పేరు తెలియని మనిషి కండలో ప్రతి కణం చుట్టూ ముగ్గు వేసినట్టు గోధుమరంగు గీత తేలింది. తన ఇంటివాళ్ళ రెండు పలకలూ అలాగే వెలవెలబోయి ఉన్నాయి. ఆ నిండు పగలు, చుట్టూ పదిమంది ఉండగా, ఆమెకు మైక్రోస్కోపులోంచి కన్ను తీయాలంటే భయం వేసింది.

వెనకనుంచి చూసిన ప్రొఫెసర్ అంజలి మేడమ్ కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "సీసా మీద పరిశోధనకు మాత్రమే అని రాసుంది, రమణీ. దీంతో ఇంట్లో తీర్పు చెప్పకు. ఆ అబ్బాయి రక్తం జన్యుపరీక్షకు పంపిద్దాం. ముందు అతనికి చెప్పాలి, అతనికే చెప్పాలి" అన్నారు.

ఆ మాట మోసుకుని వచ్చింది రమణి. వచ్చేసరికి ఇక్కడ గుంత.

"అవునూ, నువ్వు ఊరికే రాలేదు గదా." ఓబులేసు కుర్చీలో ముందుకు వంగాడు. "పరీక్ష ఏమాయె?"

గడ్డపార ఆగిపోయింది. మజ్జిగ గ్లాసులు తెస్తున్న శివాని గడపలోనే నిలబడింది. వసారా మూలలో నులకమంచం మీద కళ్ళు మూసుకుని పడుకున్న అవ్వ లక్ష్మీదేవమ్మ కళ్ళు తెరిచింది. సోమక్కకూ ఓబులేసుకూ తల్లి ఆమె.

"నేను ముందు గోపీతో మాట్లాడల్ల మామా."

"వాడు ఈడనే ఉండాడు గదా! చెప్పు. రెండూ పక్కపక్కన పెట్టినావా? తేడా కనపడెనా, లేదా?"

అందరి కళ్ళూ ఆమెమీదే. అబద్ధం చెప్పడం చేతకాదు. నిజం నోటికి రావడం లేదు.

"తేడా లేదు మామా. కానీ..."

"ఆఁ!" ఓబులేసు కుర్చీలోంచి ఎగిరి లేచాడు. "నేను చెప్పలా? నా కొడుకు కండ ఎట్లుండాదో వీరభద్ర కండా అట్లే ఉండాదంటే, పిల్లోని ఒంట్లో ఏ దోషమూ ల్యా! అంతా ఈ ఇంటిదే! అక్కా, నీ నెత్తురు మీద నింద పాయె. పెండ్లి అనుకున్నట్టే చేస్తా. పుల్లన్నా, తవ్వు!"

కొడుకును కొలబద్దగా పెట్టుకున్నాడు పెద్దమనిషి. కొలబద్దే విరిగి ఉందేమోనన్న ఆలోచన ఆయన పుర్రెలోకి దూరే దారి లేదు.

సోమక్క కొంగులో మొహం పెట్టుకుని భోరున ఏడ్చింది. ఎన్నాళ్ళుగానో దిగమింగుకున్న ఏడుపు. శివాని సిగ్గుపడి గ్లాసులు అక్కడే పెట్టేసింది. గుంతలో గోపీ నుదుటి చెమట తుడుచుకుని శివాని వైపు చూశాడు. ఇంట్లో అందరి మొహాలూ ఒక్కసారిగా వెలిగాయి. ఆ వెలుగును ఎలా ఆర్పాలో రమణికి తెలియలేదు.

వీరభద్ర ఒక్కడే నవ్వలేదు. చెల్లెలి మొహం చూస్తూ ఉన్నాడు.

"మామా, నేను చెప్పేది ఇనుకో..."

చల్లటి చెయ్యి ఒకటి వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది. అవ్వ ఎప్పుడు లేచిందో, ఎప్పుడు పక్కకొచ్చిందో ఎవరూ చూడలేదు.

"రమణీ, నన్ను పెరట్లోకి పట్టుకపో."

పెరట్లో గుడ్డలుతికే బండమీద కూర్చుని అవ్వ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుంది. లోపలినుంచి మళ్ళీ గడ్డపార చప్పుడు మొదలైంది.

"వానికీ ల్యా గదా?"

రమణి అవ్వ వైపు తిరిగింది. "నీకు... నీకెట్ల తెలుసవ్వా?"

"నీ కుందేలు మందు ఇప్పుడు చెప్పె. నా చేతులకు ఎప్పుడో తెలుసు. ఉగాదికి వానికి నూనె అంటుతాంటే పిక్కలు తగిలె. గట్టిగా, ఉండలు కట్టి. మీ అన్న పిక్కలు మొదట్లో అట్లనే ఉండె. మా పెద్దన్నవీ అట్లనే ఉండె."

"మీ పెద్దన్నవా?"

"మంగంపేట కాడ మా పుట్టింట్లో. పెండ్లయిన ఏడాదికే కూలబడె. ఇల్లు మంచిది కాదన్నారు. మా నాయన ఆ ఇల్లు ఇడిసి పెట్టి వేరే ఇంటికి పిలుచుకపాయె. ఆడికి పోయినాక మా చిన్నాయన కొడుకు కూలబడె. మళ్ళా ఇల్లు మార్చిరి. మేము మూటాముల్లె సర్దుకుంటే, అదీ సర్దుకొని మా వెనకే వస్తాండె."

అవ్వ ఈ మాటలు నీళ్ళు కాగాయా అని అడిగినంత మామూలుగా చెబుతోంది.

"ఇంట్లో ఏమీ లేదని తెలిసీ తవ్వుతాంటే యాంటికి గమ్మునుండావు?"

"తవ్వుకోనీ. బండలను తిట్టుకుంటే బండలకేం నొప్పి? మనుషులను తిట్టకుండా ఉంటారు."

"పెండ్లి ఆపల్ల అవ్వా."

"ఆపితే వాన్ని ఎవరెత్తుతారు?"

రమణికి వెంటనే అర్థం కాలేదు. అర్థమైనాక అవ్వ చేతిలోంచి చెయ్యి లాగేసుకుంది.

"మా పెద్దన్నకు బయటి పిల్లను చేసింటిరి" అంది అవ్వ. "ఒక ఎండాకాలం చూసె. రెండో ఎండాకాలానికి మొగున్ని ఇడిసి పెట్టి పుట్టింటికి పాయె. అన్నను నేనే ఎత్తినా, నేనే కడిగినా, నేనే తినిపిచ్చినా. ఆ పొద్దే అనుకుంటి, మా ఇండ్లల్లో బయటి పిల్లను తేగూడదని. మీ అమ్మకు మీ నాయన్ను మా తమ్మునింటినుంచి తెస్తి. ఓబులేసుకు మీ అత్తనూ ఆ ఇంటినుంచే తెస్తి. మనోళ్ళయితే ఎత్తి కూచోబెడతారు. పరాయోళ్ళు వదిలిపోతారు."

"శివాని నీకు గోపీని ఎత్తేదానికా?"

"అది నా మనవరాలే. వాడూ నా మనవడే."

రమణికి కోపం, ఏడుపు కలిసి వచ్చాయి. "అవ్వా, ఇది ఒక్క దిక్కునుంచే వస్తే పట్టుకోదు. అమ్మ దిక్కునుంచి ఒక చెడ్డది, నాయన దిక్కునుంచి ఒక చెడ్డది, రెండూ కలిస్తేనే వస్తాది. బయటివాళ్ళతో సంబంధాలు కలిపింటే శానావరకు ఆడికాడికి ఆగిపోయిండేది. నువ్వు ఎత్తేవాళ్ళు కావల్లని ఇంట్లోనే తిప్పి తిప్పి చేస్తివి. అందుకే అన్న మంచమెక్కినాడు. శివానికి పుట్టే బిడ్డలకూ..."

ఆమె ఆగిపోయింది. అనకూడని మాట అనేసింది. ఎనభై ఏళ్ళ ముసలిదాన్ని, జీవితమంతా మోసినదాన్ని పట్టుకుని, నువ్వే తెచ్చావని మొహాన చెప్పేసింది.

అవ్వ రెప్ప వేయలేదు. పెదవులు మాత్రం కదిలాయి. ఏం లెక్క వేసుకుంటోందో, ఎవరెవరి పేర్లు తలుచుకుంటోందో. చేతులు బండకు ఆనించి లేచింది.

"అయినా సరే" అంది. "పుట్టబోయేటోళ్ళ మాట తర్వాత. ఉన్నోన్ని ఎత్తేదానికి మనిషి కావల్ల."

లోపల చప్పుడు ఆగిపోయింది.

రమణి పరిగెత్తినట్టుగా నడిచి వచ్చింది. పుల్లన్న గుంత అంచుకు చెయ్యి ఆనించి, ఒక్క ఊపున పైకొచ్చి తలపాగా విప్పుకుంటున్నాడు. "రాయి తగిలిందప్పా. ఇంగ దిగదు. కింద ఏమీ ల్యా."

"ఏమీ లేకుండా యాడికి పోతాది?" ఓబులేసు గొణిగాడు. "సరే, పైకి రా గోపీ. రేపు వేరే మనిషిని పిలిపిస్తా."

గోపీ రెండు అరచేతులూ అంచుమీద పెట్టి ఎగిరాడు. పైకి రాలేదు. తనలో తనే నవ్వుకుని మళ్ళీ ఎగిరాడు. మట్టి జారి కాళ్ళమీద పడింది. ఈసారి ఒక కాలు అంచుమీదికి వేసి, ఆ మోకాలి మీద చెయ్యి పెట్టి, దాన్ని నొక్కుకుంటూ ఒంటిని పైకి తోయబోయాడు. సగంలో ఆగిపోయాడు.

"ఉండు బావా." శివాని వంగి చెయ్యి అందించింది. గోపీ పట్టుకున్నాడు. అందరి ముందూ పట్టుకున్నందుకు ఇద్దరూ నవ్వుకున్నారు.

"తొడకు కుట్లు పడినాయి గదా, ఇంగా లాగుతాంటాయి" అన్నాడు ఓబులేసు.

మంచం మీంచి వీరభద్ర గొంతు వచ్చింది. వేళాకోళం లేని గొంతు.

"కుట్లు కుడితొడకు గదా మామా. వాడు ఎడమ మోకాలు పట్టుకుండాడు."

ఓబులేసు వంగి కొడుకు చెయ్యి ఎక్కడుందో చూశాడు.

"నేను మొదట్లో అట్లనే లేస్తాంటి" అన్నాడు వీరభద్ర.

సోమక్క కళ్ళు తుడుచుకుంటున్న చెయ్యి అలాగే ఆగిపోయింది. ఓబులేసు కుర్చీ పట్టుకుని కూర్చున్నాడు. గుంతలోంచి అదే చల్లటి గాలి.

రమణి గుంత అంచున కూర్చుంది. "మామా, ఇది పూడ్పిచ్చు. ఈ ఇంట్లో ఏమీ ల్యా."

"మరి తేడా లేదంటివి గదే?" ఓబులేసు గొంతు పిల్లవాడి గొంతులా ఉంది. "నువ్వే అంటివి గదా తేడా లేదని?"

ఆమె ఆయన వైపు చూడలేదు. గోపీ వైపు చూసింది. అతను ఆమె మొహాన్ని చూశాడు, తర్వాత తన ఎడమకాలిని చూసుకున్నాడు. నవ్వు మెల్లగా పోయింది.

"వదినా. నా కండకు రంగు పట్టిందా?"

అంజలి మేడమ్ చెప్పినవన్నీ నాలుక చివరికి వచ్చాయి. సీసా మీది మాట, జన్యుపరీక్ష, తొందరపడొద్దన్న మాట. అతను అడిగిన దానికి అవేవీ జవాబు కావు.

"పట్టలేదు గోపీ."

శివాని అక్కనూ బావనూ మార్చి మార్చి చూసింది. చెయ్యి మాత్రం వదల్లేదు.

గడపలో అవ్వ నిలబడి ఉంది.

"శివానీ, గట్టిగా పట్టుకో. వాన్ని వదలద్దు."

శివాని వేళ్ళు బిగిశాయి. గోపీ రెండో చేత్తో ఆ వేళ్ళను ఒక్కొక్కటిగా విడిపించుకుని, అంచుమీది కాలు దించి, వెనక్కి జరిగి, గుంతలోనే కూర్చుండిపోయాడు.